కాలెత్తిన జింక

వమున్యు,
మార్చి.

ప్రియమైన చెల్లెలు కటుంగేకి నీ అన్న ముసెంబి ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వూ క్షేమమని తలుస్తాను. మనం ఇండియాలో ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి నాలుగు నెలలు దాటింది. నువ్వు కోసి ఇచ్చిన కాలేయం ముక్క నా ఒంట్లో చక్కగా కుదురుకుందని నైరోబీ డాక్టరుగారు చెప్పారు. అంతా నీ దయ, దేవుడి దయ. నీకు నా కృతజ్ఞతలు.

పోయిన ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన పెట్టారు. మన ప్రయాణానికి చందాలిచ్చిన వాళ్ళంతా వచ్చారు. మేకను కోశారు. పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి నిలబెట్టి, "చూడండి, చావు గడప దాకా వెళ్ళొచ్చిన మనిషి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు చాలా ఆనందం కలిగింది.

ఆకలి బాగుంది. నిద్ర బాగుంది. త్వరలోనే షెడ్డుకి వెళ్ళి కొయ్యబొమ్మలు చెక్కడం మొదలుపెడతాను. నీ రుణం ఈ జన్మలో తీర్చుకోలేను. మరోసారి కృతజ్ఞతలు.

ఇట్లు నీ అన్న,
ముసెంబి.


వోయ్,
మార్చి నెలాఖరు.

అన్నయ్యా,

నీ ఉత్తరం స్కూలు వంటింట్లో నిలబడి చదువుతూ, నవ్వాపుకోలేక చేతిలో గరిటె జారవిడిచాను. "రాయునది" అట! నువ్వెప్పటి నుంచి సర్కారు గుమాస్తావయ్యావు? ఆ గుండ్రటి అక్షరాలు కమేనె వదినవని నాకు తెలియదనుకున్నావా? మాటలు కూడా వదినవే. నువ్వు పుట్టి బుద్ధెరిగాక నాకెప్పుడైనా కృతజ్ఞతలు చెప్పావా? చిన్నప్పుడు వాగులో కొట్టుకుపోతున్న నీ చెప్పు ఈది తెచ్చిస్తే, "రెండోదేదే?" అన్నవాడివి.

వదినా, ఇది నువ్వే చదివి వినిపిస్తుంటే ఏమీ అనుకోకు. నీ ఉత్తరం చాలా బాగుంది. మా అన్నయ్యది కూడా ఒకటి కావాలి, అంతే.

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా "ఊఁ, బాగున్నా, ఇదిగో వదినతో మాట్లాడు" అని వదిలించుకుంటావు. అందుకే ఉత్తరం రాయమని నీ వెంటపడ్డాను. కాగితం అయితే వదినకి అందించి తప్పించుకోలేవనుకున్నాను. అందులోనూ తప్పించుకున్నావు.

నేను బాగున్నాను. మా ఆడపిల్లల స్కూల్లో అంతా మామూలే. అవే పెద్ద పెద్ద డేగిసాలు, అదే మొక్కజొన్న, అవే చిక్కుడు గింజలు, "ఇవాళ కూడా ఇదేనా ఆంటీ" అని అదే సణుగుడు. గాయం మానిపోయింది. నా గురించి దిగులు పెట్టుకోకు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆపరేషన్ ముందు రోజు ఆ ఆస్పత్రిలో పెరుగన్నం ముందు పెట్టుకుని, తినాలా వద్దా అని ఇద్దరం మొహాలు చూసుకున్నామే, అప్పుడేమన్నావు? "ఇంటికెళ్ళాక చెక్కే మొదటి జింక నీదే" అన్నావు. నాన్న చెక్కే రకం. ముందు కాలొకటి పైకెత్తి, అడుగు వెయ్యాలా వద్దా అని ఆగిపోయిన జింక. నా గదిలో కిటికీ దగ్గర దానికి చోటు చేసి పెట్టాను. ఎప్పుడు పంపుతున్నావు?

నీ చెల్లి,
కటుంగే.


వమున్యు,
ఏప్రిల్.

చెల్లీ,

ఇదిగో నా చేతిరాత. కోడి కెలికినట్టుంది కదా. అందుకే వదిన చేత రాయించాను. పొద్దుటి నుంచి కూర్చుంటే ఇప్పటికి ఈ నాలుగు ముక్కలైనాయి. రెండు కాగితాలు చింపేశాను.

మాత్రల వల్లట. నీ కాలేయాన్ని పరాయిదని నా ఒళ్ళు తరిమెయ్యకుండా పొద్దునా సాయంత్రం వేసుకోవాలి కదా, ఆ మాత్రలకి చేతులు వణుకుతాయట. కొందరికి తగ్గుతుందట, కొందరికి తగ్గదట. నైరోబీ డాక్టరు మోతాదు కొంచెం తగ్గించి చూశాడు. ఇంతకన్నా తగ్గిస్తే కాలేయానికే ముప్పు అన్నాడు. "రక్తపరీక్షలు బంగారంలా ఉన్నాయి, ఇంకేం కావాలయ్యా నీకు?" అని భుజం తట్టాడు. "అవునండీ" అని వచ్చేశాను.

షెడ్డుకి వెళ్ళాను. బాడిసతో మోటు పని ఎలాగో చేశాను. మెడ వచ్చింది, నడుము వచ్చింది. కాళ్ళ దగ్గరికొచ్చేసరికి చిన్న కత్తి పట్టుకుని ఊపిరి బిగబట్టాలి కదా. కాలు పుటుక్కున విరిగింది. ఇంకో ముక్క తీసుకున్నాను. అదీ అంతే. షెడ్డు నిండా మనుషులున్నారు, ఒక్కరూ మాట్లాడలేదు. వెక్కిరించినా బాగుండేది. కిలోంజో తాత తను చెక్కుతున్న ఖడ్గమృగాన్ని పక్కన పెట్టి నా కోసం టీ తెప్పించాడు. ఆ ముసలాడు ఎవరికైనా టీ తెప్పించగా నువ్వెప్పుడైనా చూశావా?

మన ఊళ్ళో ఎవరి జంతువు వాళ్ళది. వాళ్ళింటిది ఖడ్గమృగం, మనింటిది కాలెత్తిన జింక. అది చెక్కలేకపోతే ఆ షెడ్డులో నేనెవరిని, చెప్పు.

బజారుకి వెళ్తే "ఏమోయ్, మా లివర్ ఎలా ఉంది?" అంటారు. చందాలిచ్చారు కదా, అందరికీ అందులో వాటా ఉంది. ప్రేమగానే అంటారు. నేనూ పళ్ళికిలిస్తాను. ఆ ఆదివారం మేకను కోశాక కార్జం కాల్చి, గౌరవమని, పెద్దల కంటే ముందు నాకే పెట్టారు. అందరూ చుట్టూ నిలబడి నా నోటి వంకే చూస్తున్నారు. నమల్లేను, మింగలేను. నవ్వుతూనే చర్చి వెనక్కి వెళ్ళి ఉమ్మేశాను.

తిండి సహించడం లేదు. పొద్దున్నే లేవబుద్ధి కాదు. పిల్లలు వచ్చి మీద పడితే విసుగొస్తోంది, ఆ తర్వాత నా మీద నాకే అసహ్యం వేస్తోంది. చావకుండా తిరిగొచ్చాను కదా, మరి ఎందుకిలా ఉంది? ఇది ఎవరికైనా రాయొచ్చు గానీ నీకు రాయకూడదు. ఒళ్ళు కోసి ఇచ్చినదానికి "నాకు బతకాలని లేదు" అని ఎలా రాస్తాను? అయినా రాసేశాను. చింపేలోపు బస్సు డ్రైవరుకి ఇచ్చేస్తాను.

ముసెంబి.


వోయ్,
మే.

అన్నయ్యా,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. జవాబు రాయబుద్ధి కాలేదు. కోపం వచ్చింది.

చేతులు వణికితే వణకనీ. నాన్నకి వణికే అదృష్టం కూడా లేకపోయింది. వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్నే ఆ ఏడాది ఊరంతా తిన్నది, మనమూ తిన్నాం. నాన్న కళ్ళు పచ్చబడ్డాక ఎన్నాళ్ళున్నాడు? ఆదివారం షెడ్డులో ఉన్నాడు, మళ్ళీ ఆదివారానికి లేడు. ఆ బూజే నీ కాలేయాన్నీ ఏళ్ళ తరబడి తినేసిందని డాక్టర్లు చెప్పారు కదా. తేడా ఒక్కటే. నాన్నకి ఇండియా లేదు, ఆపరేషన్ లేదు, పొట్ట కోసుకోవడానికి ఒప్పుకున్న మనిషి లేదు. నీకన్నీ ఉన్నాయి. బంగారంలాంటి వదిన ఉంది. పిల్లలున్నారు.

నా పొట్ట మీద గీత చూసుకున్నప్పుడల్లా, పోనీలే, అక్కడ మా అన్నయ్య నవ్వుతుంటాడు అనుకునేదాన్ని. నువ్వు నవ్వకపోతే మరి ఇదెందుకు?

కటువుగా రాస్తున్నానని నాకు తెలుసు. నీకు మెత్తగా చెప్తే ఎక్కదు. మంచం దిగు. కూర్చుని మనసు తవ్వుకుంటుంటే ఎవరికైనా అలాగే ఉంటుంది. పనిలో పడితే చేతులే దారికొస్తాయి. నా జింక మాట మర్చిపోకు. కిటికీ దగ్గర చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

కటుంగే.


వమున్యు,
జూన్.

చెల్లీ,

నువ్వన్నట్టే అయింది. చేతులు దారికొచ్చాయి. ఈ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది కదా.

ఈ బస్సులోనే నీ జింకని పంపుతున్నాను. నాన్న చూరులో దాచిన నల్లచేవ ముక్క గుర్తుందా, ఎవర్నీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. దాన్నే తీశాను. ఎత్తిన కాలు చూడు, అగ్గిపుల్లంత సన్నం. ఇన్నేళ్ళలో అంత సన్నగా నాకెప్పుడూ రాలేదు. కిలోంజో తాత చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "మీ నాన్న కూడా ఇలా చెక్కలేదురా" అన్నాడు. ఆ మాట నాకు చాలు. నిజంగా చాలు.

మనసు తేలిగ్గా ఉంది. మొన్న చిన్నదాన్ని భుజాల మీద ఎక్కించుకుని బజారంతా తిప్పాను. కమేనె మురిసిపోతోంది. నా ఉలులకీ బాడిసకీ నూనె రాసి, గుడ్డలో చుట్టి కిలోంజో తాతకి ఇచ్చాను. మా పెద్దాడికి చెయ్యి కుదిరాక ఇవ్వమన్నాను. ఇక నేను చెక్కాల్సింది ఏమీ లేదు. నీకిచ్చిన మాట కూడా చెల్లిపోయింది.

కోపంలో ఏదో రాశానని నువ్వు తర్వాత బాధపడతావు, నాకు తెలుసు. బాధపడకు. నువ్వన్నది నిజమే. జింకని జాగ్రత్తగా చూసుకో.

నీ అన్నయ్య,
ముసెంబి.


వోయ్,
జూన్, జింక వచ్చిన సాయంత్రం.

అన్నయ్యా,

ఇది తిరుగు బస్సులోనే పంపుతున్నాను. వదినకి ఫోన్ చేసి మాట్లాడాను. నువ్వు నా ఫోన్ ఎత్తలేదు.

పొట్లం విప్పగానే వంటింట్లో వాళ్ళంతా మూగారు. "మీ అన్నయ్యే చెక్కాడా! అమ్మో, ఇప్పుడే పరిగెత్తేట్టుంది" అన్నారు. నేను గర్వంగా తెచ్చి కిటికీ దగ్గర పెట్టి, ఎదురుగా కూర్చుని చూశాను. ఎత్తిన కాలు చూశాను. నేనూ ఆ షెడ్డులోనే పెరిగాను అన్నయ్యా. ఆ కాలు ఎలాంటి చెయ్యి చెక్కుతుందో నాకు తెలుసు. ఏప్రిల్లో నాలుగు ముక్కలు రాయలేని చెయ్యి జూన్లో ఆ కాలు చెక్కదు. నీ ఉత్తరాలు రెండూ తీసి పక్కపక్కన పెట్టాను. కొత్తదాంట్లో ఒక్క అక్షరం కూడా వణకలేదు.

మాత్రలు ఎప్పుడు మానేశావు?

వదిన నమ్మలేదు. "అదేంటి, వేళకి గదిలోకి వెళ్ళి వేసుకుంటున్నాడు కదా" అంది. "ఎప్పుడైనా మింగుతుంటే చూశావా?" అంటే, "లేదే" అంది. పొద్దున్నే నైరోబీకి బయలుదేరమన్నాను. మొండికెయ్యకు. ఆవిడతో వెళ్ళు.

జింక కావాలని అడిగింది నేనే. పనిలో పడమన్నదీ నేనే. నువ్వు బతకాలని లేదని రాస్తే, నేను నాన్న చావు తెచ్చి నీ నెత్తిన పెట్టాను. నీకు భయమేసి ఉంటుంది, నాకు ఇంకేం చెప్పినా తిడతానని. నన్ను క్షమించు అని రాయడానికి కూడా సిగ్గుగా ఉంది.

నేనూ ఒకటి దాచాను, విను. నేను డేగిసా ఎత్తి నాలుగు నెలలైంది. గీత దగ్గర పొట్ట వదులైపోయి కోడిగుడ్డంత ఉబ్బు వచ్చింది. దగ్గు వస్తే చేత్తో అదిమి పట్టుకోవాలి. నీకు "అవే డేగిసాలు" అని రాసేనాటికే నన్ను గోనెపట్టా మీద కూర్చోబెట్టారు. చిక్కుడు గింజల్లో రాళ్ళేరుతున్నాను. ఏరుతూ ఏరుతూ ఏడుస్తాను. ఎందుకో తెలియదు. కనపడ్డవాళ్ళంతా "మీ అన్నయ్య ఎలా ఉన్నాడు?" అంటారు. నువ్వెలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. అడిగినా చెప్పేదాన్ని కాదులే, ఎక్కడ కుంగిపోతావోనని. నువ్వు నా కోసం నవ్వావు, నేను నీ కోసం డేగిసాలు ఎత్తాను. ఇద్దరివీ అబద్ధాలే.

నువ్వు సంతోషంగా ఉండి నాకు చూపించక్కర్లేదు అన్నయ్యా. కృతజ్ఞత అక్కర్లేదు. ఏడు. తిట్టు. నా కాలేయాన్ని కూడా తిట్టుకో. మాత్ర మాత్రం వేసుకో. నీ కాళ్ళు పట్టుకుంటాను.

జింకని వెనక్కి పంపుతున్నాను. ఇంత అందమైన వస్తువు నా దగ్గర ఎప్పుడూ లేదు. కానీ దాన్ని గదిలో పెట్టుకుని నేను పడుకోలేను.

కటుంగే.


నైరోబీ,
జూలై.

కటుంగే,

నేను, వదినని. మీ అన్నయ్య ఆస్పత్రిలో ఉన్నాడు. ఇక్కడికొచ్చిన రెండో రోజుకే కళ్ళు పచ్చబడ్డాయి. ఏవో పెద్ద మందులు నరంలోకి ఎక్కిస్తున్నారు. కాలేయం నిలుస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేమన్నారు. నువ్వు ఆ రోజు ఫోన్ చెయ్యకపోతే ఇంకో వారానికి నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు, నిన్ను చావుకి పిలిచేదాన్ని.

మాత్రలు దొరికాయి. జింకలకి మెరుగు పెట్టే మైనం డబ్బా ఉంటుంది చూడు, దాని అడుగున వరసగా గుచ్చి పెట్టాడు. "ఇదేం పనయ్యా, దాచడం దేనికి?" అంటే, "ఊరివాళ్ళ చందాలతో కొన్నవి, పారెయ్యడానికి మనసొప్పలేదు" అన్నాడు. అది విని నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ప్రాణం వదులుకోవడానికి ఒప్పుకున్న మనసు, మాత్రలు పారెయ్యడానికి ఒప్పుకోలేదట!

నా బాధ ఇంకోటుంది, నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను. మాత్రలు మానేసిన ఆ మూడు వారాలూ మనిషి నవ్వాడు కటుంగే. పని చేసుకుంటూ ఈల వేశాడు. నా పెళ్ళినాటి మనిషి తిరిగొచ్చాడని దేవుడికి దండం పెట్టుకున్నాను. ఒక రోజు కొత్త గౌను కూడా తొడుక్కున్నాను. ఇప్పుడు ఆ ఈల గుర్తొస్తే చెవులు మూసుకుంటున్నాను. "నాకు చేతులు వణికే మొగుడు చాలు, నవ్వకపోయినా సరే, ఉండు" అని చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. నీ పొట్ట ఉబ్బు సంగతి మళ్ళీ చదవమన్నాడు. చదివాను. సాయంత్రం నర్సు మాత్ర తెస్తే చెయ్యి చాపాడు.

కమేనె.


వోయ్,
ఆగస్టు.

అన్నయ్యా,

కాలేయం నిలిచిందని వదిన ఫోన్లో చెప్పింది. కొంత దెబ్బతిన్నదట. మాత్రలు ఇదివరకటి కన్నా ఎక్కువే వేసుకోవాలట, వణుకు ఇక తగ్గదట. ఏప్రిల్లో అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను. పాపం అన్నయ్యా. నాన్న నీకిచ్చిన చేతులు పోయాయి. దానికి ఎంత ఏడ్చినా తప్పు లేదు.

మనసు డాక్టరమ్మ దగ్గరికి కూడా పంపుతున్నారట కదా, వెళ్ళు. నా పొట్టకి వచ్చే నెలలో మళ్ళీ కుట్లు వేస్తారు. నాకు భయంగా ఉంది. కిందటిసారి నీ కోసం కదా అని భయం తెలియలేదు, ఈసారి నా ఒక్కదాని కోసమే.

ఇక మీదట క్షేమమని తలుస్తాను, గిలుస్తాను అని రాయకు. ఉన్నది రాయి. ఒక్క ముక్కైనా సరే.

కటుంగే.


వమున్యు,
అక్టోబరు.

చెల్లీ,

ముందు నువ్వెలా ఉన్నావు? కుట్లు మానాయా? దగ్గితే ఇంకా పట్టుకోవాల్సి వస్తోందా? గింజల దగ్గర ఏడుపొస్తోందా? అన్నీ రాయి. దాచావంటే ఊరుకోను.

ఇది మూడు రోజులుగా రాస్తున్నాను. అప్పుడు కోడి కెలికినట్టుండేది, ఇప్పుడు కోళ్ళ గంపే బోర్లా పడింది.

షెడ్డుకి వెళ్తున్నాను. చెక్కేవాళ్ళ వైపు కాదు. వసారాలో ఆడవాళ్ళు కూర్చుని ఉప్పుకాగితంతో రుద్ది మైనం పెడతారు చూడు, అక్కడికి. ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నాడు నైరోబీ డాక్టరు, పొడి పడకూడదని. అలా గుడ్డ కట్టుకుని వెళ్తే వాయువా అత్త, "పెళ్ళికూతురొచ్చింది, చాప వెయ్యండర్రా" అంది. ఖడ్గమృగాన్ని ఒకదాన్ని నా ఒళ్ళో పడేసింది. నా చెయ్యి వణకడం చూసి, "నీకేమయ్యా, కాగితం పట్టుకుని కూర్చో చాలు, దానంతటదే రుద్దుతుంది" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేను నవ్వలేదు. కానీ మర్నాడూ వెళ్ళాను.

ఉలులు కిలోంజో తాత దగ్గరే ఉన్నాయి. నేను అడగలేదు, ఆయన ఇవ్వలేదు. నేను వసారాలో ఉన్నప్పుడు ఆయన ఇటు చూడడు. నేనూ అటు చూడను.

నీ జింక విరక్కుండా చేరింది. కమేనె దాన్ని ఎవరికైనా ఇచ్చేద్దామంది, వద్దన్నాను. గూట్లో పెట్టి, దాని కాళ్ళ దగ్గరే మాత్రల సీసా పెట్టాను. పొద్దునా సాయంత్రం సీసా తీసినప్పుడల్లా ఆ కాలు కనపడుతుంది. చూసినప్పుడల్లా ఇంకొకటి చెక్కాలనిపిస్తుంది. ఎలా చెక్కొచ్చో కూడా నాకు తెలుసు. మూడు వారాలు చాలు. ఆ కోరిక పోయిందని నీకు అబద్ధం రాయను చెల్లీ. అది వచ్చినప్పుడు కమేనెని పిలుస్తాను. ఆమె చేతిలో పని వదిలేసి వచ్చి, నేను మింగేదాకా పక్కన నిలబడుతుంది.

సంతోషంగా ఉన్నావా అని నువ్వు అడగవని తెలుసు, అందుకే నేనే రాస్తున్నాను. లేను. సాయంత్రం మాత్ర అయ్యాకే కవరు అంటిద్దామని ఆగాను. ఇప్పుడే వేసుకున్నాను.

ముసెంబి.